వాయిదా తప్పిన అద్దె దావా: ఇల్లూ మగ్గమూ నిలుపుకొనే మార్గము

మన వృత్తిలో ఇల్లు వేరు, పనిచోటు వేరు కాదు. గుంట తవ్వి మగ్గము పాతుకొన్న గది అద్దెదైతే, ఆ గది పోయిన రోజున తలదాచుకొనే చోటు, కూలి సంపాదించే చోటు రెండూ కలిసి పోతాయి. పడుగు ఎక్కించి ఉన్న మగ్గమును బండిమీద వేసికొని మరొక వీధికి పోవుట సాధ్యము కాదు. పోగులు విప్పి, కొత్తచోట గుంట తవ్వి, మళ్ళీ అచ్చులో పోగులు అతికి నేత సాగించేసరికి రోజులు గడుస్తాయి. ఆ రోజులలో కూలి ఉండదు. అందుచేత అద్దె బాకీ దావా ఒకటి ఎదురైనప్పుడు ఏమి చేయవలెనో ప్రతి నేతకుటుంబమూ ముందుగానే తెలిసికొని ఉండవలెను.

షోలాపురము, భివండీ, బెంగుళూరు, దొడ్డబళ్ళాపురము, సేలము, బరంపురము, యానాము మొదలైన చోట్ల మనవారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. సొంత ఇండ్లు కట్టుకొన్నవారు ఉన్నారు. నేటికీ అద్దె గదులలో నేసేవారూ ఉన్నారు. నూలు ధర పెరిగినా, నేసిన సరుకు నిలిచిపోయినా, సొసైటీవారు కూలి ఆలస్యము చేసినా, వానలకు వీధిలో పడుగు సరిచేయుట ఆగిపోయినా మొదట ఆగేది అద్దెయే. రెండు నెలలు ఆగితే ఇంటివాడు అడుగుతాడు. ఆరు నెలలు ఆగితే నోటీసు ఇస్తాడు. ఆపైన కోర్టుకు వెళ్తాడు.

కోర్టునుంచి సమను వచ్చినప్పుడు మనవారిలో పలువురు ఈ విధముగా అనుకొంటారు: "బాకీ ఉన్న మాట నిజమే కదా. కోర్టుకు పోయి నేనేమని చెప్పుకొనేది? డబ్బు చేతికి వచ్చినాక ఇంటివానితోనే మాట్లాడుకొంటాను." ఈ తలంపులో దురుద్దేశము లేదు; సిగ్గు ఉన్నది, భయము ఉన్నది. కాని ఇల్లు పోయేది ఈ తలంపువలననే. బాకీ ఉన్నవానికి కూడ బాకీ కట్టి ఇల్లు నిలుపుకొనే అవకాశమును చట్టము పలుచోట్ల ఉంచినది. ఆ అవకాశము కోర్టుకు వచ్చి అడిగినవానికే దక్కుతుంది. ఇంట్లో కూర్చున్నవానికి దక్కదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదే. తక్కినదంతా దీనికి వివరము.

1. నోటీసు వేరు, సమను వేరు

ఇంటివాడు తానుగాని, తన వకీలు ద్వారాగాని పంపే కాగితము నోటీసు. అది కోర్టు ఉత్తర్వు కాదు. అయినా దానిని తేలికగా చూడరాదు. బాకీ కట్టుటకు కొన్ని రాష్ట్రాల చట్టము ఇచ్చే గడువు ఆ నోటీసు అందిన రోజునుంచే లెక్కకు వస్తుంది.

దావా దాఖలైన తరువాత కోర్టు పంపేది సమను. దానిమీద కోర్టు ముద్ర, దావా నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. దానితోపాటు ఇంటివాడు వేసిన దావా ప్రతి కూడ రావలెను. సాధారణ సివిలు దావాలో సమను అందిన 30 రోజులలో ప్రతివాది తన జవాబును వ్రాతమూలముగా దాఖలు చేయవలెను. కారణము చూపితే కోర్టువారు ఈ గడువును 90 రోజులవరకు పెంచవచ్చును.

మనకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. మహారాష్ట్రలో సమను మరాఠీలో రావచ్చు. కర్ణాటకలో కన్నడములో, తమిళనాడులో తమిళములో, ఒడిశాలో ఒడియాలో రావచ్చు. ఇంట్లో పెద్దలకు ఆ భాష మాట్లాడుట వచ్చినా లిపి చదువుట రాకపోవచ్చు. "నాకు చదువరాదు, అందుచేత రాలేదు" అని పిదప చెప్పుకొంటే కోర్టువారు దానిని చాలిన కారణముగా తీసికొంటారని నమ్ముకొనరాదు. కాగితము చేతికి వచ్చిన సాయంత్రమే చదివించుకొనవలెను. బడికి పోయే పిల్లవాడు చదివినా చాలును. ముద్ర, నంబరు, తేదీ ఈ మూడూ తెలిస్తే తరువాతి పని చేయవచ్చును.

2. తీసికొనక తిప్పి పంపితే ఏమి జరుగుతుంది?

"సంతకము పెట్టకుంటే సమను అందనట్లే" అనే మాట మన వీధులలో తరచు వినబడుతుంది. అది పూర్తిగా తప్పు. కోర్టు మనిషి తెచ్చిన సమనును వద్దంటే, అతడు దాని ప్రతిని మీ తలుపుకు అంటించి, ఆ సంగతి వ్రాసి కోర్టుకు పంపుతాడు. తపాలాలో వచ్చిన దానిని వద్దంటే, వద్దన్నట్లు తపాలావారు వ్రాసిన వ్రాతను చూచి కోర్టువారు అందినట్లే ఎంచవచ్చును. కాబట్టి తిప్పి పంపుటవలన సమను తప్పదు. అందులో ఏమి ఉన్నదో తెలియకుండా పోవుట ఒక్కటే మిగులుతుంది.

ఇంటి యజమాని ఊరిలో లేక, తగిన కాలములో దొరకే సూచన లేనప్పుడు, ఆ ఇంట నివసించే కుటుంబములోని వయసువచ్చిన ఎవరికైనా సమను ఇవ్వవచ్చును. ఆడవారికి ఇచ్చినా చెల్లుతుంది. భర్త సరుకు అమ్మకానికి పోయి ఉంటాడు; ఇంట బీడీలు చుట్టుకొంటున్న భార్యగాని, ఆసు పోసుకొంటున్న తల్లిగాని కాగితము తీసికొని దేవుని గూటిలో పెట్టి మరచిపోవుట జరుగుతుంది. అందుచేత ఈ సంగతి ఇంటి ఆడవారికి ముందు తెలియవలెను. కోర్టు ముద్ర ఉన్న కాగితము వస్తే, వచ్చిన తేదీని దాని వెనుక వ్రాసి, అదే రోజున యజమానికి తెలియపరచవలెను. ఇంట పనిచేసే నౌకరుకు ఇచ్చినది మాత్రము కుటుంబానికి ఇచ్చినట్లు కాదు.

3. వాయిదా తప్పినది, డిక్రీ ఇంకా కాలేదు

వాయిదా రోజున మీరు పోలేదు, మీ తరపున వకీలూ లేడు. సమను అందినట్లు కోర్టుకు తేలితే ప్రతివాది లేకుండానే దావా నడపవలసినదిగా ఉత్తర్వు చేస్తారు. దీనినే ఎక్స్‌పార్టీ అంటారు. ఈ మాట వినగానే "అంతా అయిపోయినది" అని చేతులు ముడుచుకొనేవారు ఉన్నారు. అంతా అయిపోలేదు. ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వేరు, ఎక్స్‌పార్టీ డిక్రీ వేరు. ఉత్తర్వు తరువాత ఇంటివాడు సాక్ష్యము చెప్పవలెను, కాగితాలు చూపవలెను. ఆ తరువాతనే డిక్రీ.

ఈ రెంటికి నడుమ మీరు తరువాతి వాయిదాకు వచ్చి, లోగడ రాకపోవుటకు మంచి కారణము చూపితే, మొదటి రోజుననే వచ్చినట్లు ఎంచి కోర్టువారు మీ మాట వినవచ్చును. సివిలు ప్రొసీజరు కోడు 9వ ఆర్డరు 7వ రూలు ఈ సంగతి చెప్పుచున్నది. ఆ కారణము కోర్టుకు నచ్చకపోయినప్పటికీ, మీరు వచ్చిన దశనుంచి దావాలో పాల్గొనే హక్కు పోదని సుప్రీంకోర్టు 1955 లోనే చెప్పినది. అనగా ఇంటివాని సాక్షిని ప్రశ్నించుట, వాదన వినిపించుట అప్పటికీ చేయవచ్చును.

కావున వాయిదా తప్పినట్లు తెలిసిన మరునాడే చేయవలసిన పని కోర్టుకు పోయి దావా ఏ దశలో ఉన్నదో కనుగొనుట. ఈనాడు ఈ-కోర్టుల ఆప్‌లో దావా నంబరుగాని, పార్టీ పేరుగాని, 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరుగాని ఇచ్చి తరువాతి వాయిదాను ఫోనులోనే చూడవచ్చును. అయినప్పటికీ ఫోనులో చూచినదానిని వకీలు చేతగాని, కోర్టు ఆఫీసులోగాని నిర్ధారణ చేసికొనుట మంచిది.

4. డిక్రీ అయిపోయినది, 30 రోజుల లెక్క

ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా దారి మూసుకొనలేదు. అదే కోర్టులో ఆ డిక్రీని కొట్టివేయవలెనని అర్జీ పెట్టుకొనవచ్చును. ఇది 9వ ఆర్డరు 13వ రూలు. ఇందుకు చూపవలసిన కారణాలు రెండే. ఒకటి, సమను సరిగా అందలేదనుట. రెండవది, దావా విచారణకు వచ్చిన రోజున రాలేకపోవుటకు తగిన కారణము ఉన్నదనుట.

గడువు 30 రోజులు. 1963 నాటి లిమిటేషన్ చట్టము ప్రకారము ఇది డిక్రీ తేదీనుంచి లెక్క. సమను సరిగా అందనివారికి మాత్రము డిక్రీ సంగతి తెలిసిన రోజునుంచి లెక్క. డిక్రీ అయిన రోజును లెక్కలో వేయరు. మార్చి 4న డిక్రీ అయిందనుకొందాము. మార్చి 5 మొదటి రోజు, మార్చి 31 ఇరవైయేడవ రోజు, ఏప్రిల్ 3 ముప్పైయవ రోజు. ఏప్రిల్ 3న కోర్టుకు సెలవు అయితే, తిరిగి తెరచిన రోజున దాఖలు చేయవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. అప్పీలు గడువులో డిక్రీ నకలు తీసికొనుటకు పట్టిన రోజులు తీసివేస్తారు. ఈ అర్జీకి ఆ సదుపాయము లేదు. "నకలు చేతికి వచ్చినాక అర్జీ పెడదాము" అని కూర్చుంటే గడువు దాటిపోతుంది. గడువు దాటితే ఆలస్యమును మన్నించవలెనని, ఆలస్యానికి కారణము చూపుతూ, వేరే అర్జీ జతపరచవలెను. కోర్టువారు మన్నించవచ్చు, మన్నించక పోవచ్చు.

తగిన కారణము అంటే ఏమి? ఆసుపత్రిలో పడియుండుట, ఇంట మరణము సంభవించుట, వకీలు వాయిదా తేదీ తప్పుగా చెప్పుట, సరుకుతో దూరపు ఊరికి పోయి రైలు తప్పుట వంటివి. చూపవలసిన కారణము ఏ రోజున రానందుకు ఎక్స్‌పార్టీ చేసినారో ఆ రోజుకు సంబంధించినదై ఉండవలెనని సుప్రీంకోర్టు 2000 లో చెప్పినది. అంతకుముందు వాయిదాలలో కూడ అశ్రద్ధ చూపినాడు అనే పేరుతో ఆ రోజు నిజమైన కారణమును తోసివేయరాదని దాని భావము. ఆసుపత్రి చీటీ, రైలు టిక్కెట్టు, మరణ ధ్రువపత్రము, వకీలు పంపిన సందేశము ఇటువంటి ఆధారము ఏదైనా అఫిడవిట్టుతో జతచేయవలెను. లేని జబ్బును కల్పించి చెప్పరాదు. ఒక్క అబద్ధము బయటపడితే తక్కిన నిజాలను కూడ ఎవరూ నమ్మరు.

సమను అందజేయుటలో చిన్న పొరపాటు జరిగినదన్న ఒక్క కారణముచేత డిక్రీ కొట్టివేయరు. వాయిదా తేదీ మీకు వేరే విధముగా తెలిసి, వచ్చుటకు చాలినంత వ్యవధి ఉన్నదని కోర్టుకు తేలితే, ఆ పొరపాటు పనికిరాదు.

అర్జీ దాఖలు చేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని గుర్తుంచుకొనవలెను. అమలు నిలుపుదల కొరకు, అనగా స్టే కొరకు, వేరుగా అడుగవలెను. ఆ ఉత్తర్వు చేతికి వచ్చినాకనే నిశ్చింతగా ఉండవలెను.

కోర్టువారు డిక్రీ కొట్టివేసేటప్పుడు ఖర్చులు ఇవ్వమనిగాని, ఇంత సొమ్ము కోర్టులో కట్టమనిగాని షరతు పెట్టవచ్చును. 1887 నాటి ప్రొవిన్షియల్ స్మాల్ కాజ్ కోర్టుల చట్టము క్రింది దావాలలో నైతే, ఈ అర్జీ పెట్టేటప్పుడే డిక్రీ సొమ్ము కట్టుటగాని, ముందుగా అనుమతి కోరి జామీను చూపుటగాని తప్పనిసరి. మీ దావా ఏ కోర్టులో, ఏ చట్టము క్రింద నడిచినదో వకీలును మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే.

డిక్రీమీద పై కోర్టుకు అప్పీలు చేసికొనుట మరొక దారి. సాధారణముగా జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు గడువు. అప్పీలు తీర్పు అయిపోతే, దానిని మీరే ఉపసంహరించుకొన్నప్పుడు తప్ప, క్రింది కోర్టులో కొట్టివేత అర్జీ ఇక నిలువదు. ఏ దారి ముందు పట్టవలెనో వకీలుతో ఆలోచించుకొని పోవలెను.

5. బాకీ కట్టి ఇల్లు నిలుపుకొనుట

మొదట చెప్పిన ముఖ్యవిషయమునకు ఇక్కడ వస్తున్నాము. రాష్ట్రమును బట్టి చట్టము మారుతుంది గనుక ఎవరి రాష్ట్రము సంగతి వారు చదువుకొనవలెను.

మహారాష్ట్ర: 1999 నాటి అద్దె నియంత్రణ చట్టము వర్తించే ఇండ్లలో, బాకీ అడుగుతూ నోటీసు ఇచ్చి 90 రోజులు గడిస్తేగాని ఇంటివాడు బాకీ కారణముగా దావా వేయరాదు. దావా వేసిన తరువాత కూడ, సమను అందిన 90 రోజులలో బాకీ మొత్తము, దానిమీద సాలుకు నూటికి 15 చొప్పున బారువడ్డీతో కోర్టులో కట్టి, దావా ముగిసేవరకు నెలనెలా అద్దె కట్టుతూ, కోర్టు చెప్పిన ఖర్చులు ఇస్తే, బాకీ కారణముగా ఇల్లు ఖాళీ చేయించే డిక్రీ చేయరు.

లెక్క చూతము. అద్దె నెలకు రూ. 3,000. ఎనిమిది నెలల బాకీ రూ. 24,000. నూటికి సాలుకు 15 అంటే నెలకు రూపాయి పావలా. ఒక నెల అద్దెమీద నెలకు రూ. 37.50. మొదటి నెల అద్దె ఎనిమిది నెలలు, రెండవది ఏడు నెలలు, ఈ విధముగా చివరిది ఒక నెల ఆలస్యమైతే మొత్తము 36 నెలల వడ్డీ, అనగా రూ. 1,350. కట్టవలసినది రూ. 25,350, ఆపైన ఖర్చులు. సమను జూన్ 10న అందితే తొంభైయవ రోజు సెప్టెంబరు 8. ఆ లోపల కొత్తగా పడిన నెలల అద్దె కూడ కలుపవలెను. ఈ సొమ్ము చిన్నది కాదు. కాని కొత్త ఇంటికి బయానా, మగ్గము తరలింపు, పనిలేని రోజుల కూలి కలిపి చూచుకొన్నవారికి ఏది తక్కువో తెలుస్తుంది.

వాయిదా తప్పినవానికి ఇక్కడ కలిగే నష్టము కూడ చూడండి. సమను సరిగా అంది, ఊరకుండగా 90 రోజులు గడిచిపోతే, తరువాత డిక్రీ కొట్టివేయించుకొన్నా ఆ అవకాశము తిరిగి వస్తుందని చెప్పలేము. సమను అసలు అందలేదని రుజువైతే, ఆ 90 రోజుల లెక్క మొదలే కాలేదని వాదించుకొనుటకు వీలున్నది.

కర్ణాటక: 1999 నాటి కర్ణాటక అద్దె చట్టము వర్తించే చోట, నోటీసు అందిన రెండు నెలలలో బాకీ అంతా కట్టినవానిని బాకీ కారణముగా తొలగించరాదు. ఒకసారి ఈ సదుపాయము పొంది, మళ్ళీ బాకీ పడినవానికి రెండవసారి అదే సదుపాయము దొరకదు. ఊరును, అద్దె పరిమాణమును బట్టి ఈ చట్టము కొన్ని ఇండ్లకే వర్తిస్తుంది.

తమిళనాడు: పాత 1960 చట్టము పోయి, 2017 నాటి కొత్త చట్టము 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులోనికి వచ్చినది. పాత చట్టమునాటి సలహాలు ఇప్పుడు పనికిరావు. ఈ కొత్త చట్టములో విచారణ రెంట్ కోర్టులో జరుగుతుంది. బాకీ నోటీసు అందిన ఒక నెలలో బాకీ, వడ్డీతో కలిపి ఇంటివానికి చెల్లించుటగాని, కోర్టులో కట్టుటగాని చేసినవాడు బాకీ కారణముగా ఇల్లు ఖాళీ చేయనక్కరలేదు. మరొక సంగతి: వ్రాతపూర్వకమైన అద్దె ఒప్పందము చేసికొనకపోవుట కూడ ఈ చట్టములో ఖాళీ చేయించుటకు ఒక కారణము. నోటిమాటమీద ఏండ్లతరబడి ఉంటున్న మన కుటుంబాలు దీనిని గమనించవలెను.

యానాము పుదుచ్చేరి పాలనలోనిది. పుదుచ్చేరికి 1969 నాటి అద్దె చట్టము వేరే ఉన్నది. కాకినాడలో బంధువులు చెప్పిన ఆంధ్ర చట్టము యానాములో సరిపోదు.

ప్రత్యేకమైన అద్దె చట్టము వర్తించని ఇండ్లకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే ఆధారము. ఇందులో నెలసరి అద్దెదారును 15 రోజుల నోటీసుతో, కారణము చూపకయే, తొలగించుటకు ఇంటివానికి హక్కు ఉన్నది. అద్దె కట్టనందున ఒప్పందములోని షరతు ప్రకారము హక్కు రద్దయినదని వేసిన దావాలో మాత్రము, విచారణనాటికి బాకీ, వడ్డీ, పూర్తి ఖర్చులు కట్టినవానికి ఇల్లు నిలిపే అధికారము 114వ సెక్షను క్రింద కోర్టుకు ఉన్నది. ఇది కోర్టువారి దయాధికారము. తక్కిన సందర్భములలో డబ్బు కట్టుటవలన ఇల్లు నిలువకపోయినా, ఖాళీ చేయుటకు వ్యవధి దొరకవచ్చును. ఎక్కించిన పడుగు నేసి దించుకొనేంత వ్యవధి దొరికినా మనకు మేలే.

6. చేతికిచ్చిన డబ్బు, వ్రాయని రసీదు

అద్దె ఏ నెలకా నెల రసీదు తీసికొనవలెను. ఇంటివాడు అద్దె తీసికొననంటే మనియార్డరుగాని, బ్యాంకు ద్వారాగాని పంపి, తిరిగి వచ్చిన కాగితమును దాచుకొనవలెను. "ఇచ్చినాను, అతడే తీసికొనలేదు" అనుటకు అది సాక్ష్యము.

డిక్రీ తరువాత ఇంకా జాగ్రత్త కావలెను. "డబ్బు ఇచ్చివేయి, దావా సంగతి నేను చూచుకొంటాను" అని ఇంటివాడు అంటే నమ్మి చేతికి ఇచ్చి ఊరకుంటే చాలదు. డిక్రీ సొమ్ము కోర్టు బయట చెల్లించినా, రాజీ చేసికొన్నా, ఆ సంగతి కోర్టు రికార్డులో ఎక్కించుకొనవలెను. దానికి అర్జీ పెట్టుకొనే గడువు 30 రోజులు. ఎక్కించకపోతే అమలుచేసే కోర్టు ఆ చెల్లింపును లెక్కలోనికి తీసికొనదు. ఇల్లు స్వాధీనము చేయవలెనన్న డిక్రీని 12 ఏండ్లవరకు అమలు జరిపించుకొనవచ్చును. నేడు నవ్వుతూ అద్దె తీసికొన్న ఇంటివాడు పోయి, రేపు అతని కొడుకు అదే డిక్రీతో రావచ్చును.

7. అమీనా వచ్చిన రోజున

కోర్టు అమీనా వారంటుతో వచ్చినప్పుడు అతనితో కలహించరాదు. కాగితము చూపమని అడిగి, దావా నంబరు వ్రాసికొని, వెంటనే వకీలుకు తెలియపరచవలెను. స్టే ఉత్తర్వు ఉంటే దాని నకలు చూపవలెను.

అద్దె బాకీ సొమ్ముకొరకు జప్తుకు వస్తే ఒక సంగతి తెలిసి ఉండవలెను. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము చేతిపనివారి పనిముట్లను జప్తుచేసి అమ్మరాదు. కట్టుకొనే బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారము ప్రకారము స్త్రీ విడువరాని నగలు కూడ జప్తుకు రావు. చేతిమగ్గము, అచ్చులు, ఆసు చేతిపనివాని పనిముట్లని ఆ క్షణముననే చెప్పవలెను. వినకపోతే కోర్టులో అర్జీ పెట్టవలెను. పది మరమగ్గాలు పెట్టి కూలీలచేత నడిపించేవారికి ఈ రక్షణ దొరకుట కష్టము. మగ్గముమీది నూలు సొసైటీదిగాని మాస్టరు వీవరుదిగాని అయితే అది మీ ఆస్తి కాదు. నూలు ఇచ్చిన పుస్తకము, చీటీలు ఉంటే యజమాని కోర్టులో తన హక్కు చెప్పుకొనవచ్చును.

ఇది సొమ్ము జప్తుకు సంబంధించిన రక్షణ. ఇల్లు స్వాధీనము చేయవలెనన్న డిక్రీని ఇది ఆపదు. అప్పుడు మగ్గమును బయట పెట్టుటకు అధికారము ఉన్నది. అందుచేతనే అంతవరకు రానీయకుండుట ముఖ్యము.

కోర్టు డిక్రీ లేకుండా ఇంటివాడు తానే తాళము వేసి సామాను బయట పారవేస్తే, అది చట్టవిరుద్ధము. స్వాధీనము తిరిగి ఇప్పించవలెనని ఆరు నెలలలో దావా వేయుటకు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను అవకాశమిస్తున్నది. బాకీ ఉన్నవానికి కూడ ఈ హక్కు ఉన్నది.

8. వకీలుకు డబ్బు లేనివారు

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు, వారి ఆదాయము ఎంతైనప్పటికీ, ఉచితముగా వకీలును ఇస్తారు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణయించిన ఆదాయమునకు లోబడినవారికి కూడ ఇస్తారు. ఈ సంస్థ ఆఫీసు సాధారణముగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడ అడుగవచ్చును. అద్దె ఒప్పందము ఇంటి ఇల్లాలి పేర ఉన్నచోట ఆమెయే ప్రతివాది గనుక ఈ సదుపాయము ఆమెకు నేరుగా వర్తిస్తుంది.

లోక్ అదాలతులో రాజీ పడవచ్చును. వాయిదాలలో బాకీ తీర్చుటకు ఇంటివాడు ఒప్పుకొంటే అది మంచి మార్గమే. కాని అక్కడి అవార్డు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు. కట్టలేని వాయిదాలకు ఒప్పుకొని సంతకము పెట్టరాదు. చదువ రాని భాషలో ఉన్న రాజీ పత్రమును తెలుగులో చెప్పించుకొని, రెండుసార్లు విని సంతకము పెట్టవలెను.

వకీలు దగ్గరకు పోయేటప్పుడు సమను, నోటీసు, అద్దె ఒప్పందము, రసీదులు, మనియార్డరు కాగితాలు, బ్యాంకు పుస్తకము, వాయిదా రోజున రాలేకపోయిన కారణమునకు ఆధారము తీసికొని పోవలెను. వకాలతు ఇచ్చినంతమాత్రాన మన పని తీరదు. ప్రతి వాయిదా తేదీని మనమూ వ్రాసికొనవలెను. వకీలు తప్పుకు పార్టీని శిక్షించరాదని సుప్రీంకోర్టు 1981 లో ఒక కేసులో చెప్పిన మాట నిజమే. ఆ ఒక్క మాటమీద ఇల్లు విడిచిపెట్టి నిద్రపోవుట తెలివి కాదు.

సారాంశము

ఒకటి: కోర్టు కాగితమును వద్దనరాదు; వచ్చిన రోజున తేదీ వ్రాసి చదివించుకొనవలెను.

రెండు: బాకీ నిజమైనా వాయిదాకు పోవలెను. బాకీ కట్టి నిలిచే హక్కు అక్కడనే అడుగవలెను.

మూడు: వాయిదా తప్పితే మరునాడే దావా దశ కనుగొనవలెను. డిక్రీ కాకముందు వచ్చినవానికి పని సులభము.

నాలుగు: డిక్రీ అయితే 30 రోజులు. నకలు కొరకు ఆగరాదు. స్టే వేరుగా అడుగవలెను.

ఐదు: చెల్లించిన ప్రతి రూపాయికి కాగితము ఉండవలెను; డిక్రీ తరువాత చెల్లించినది కోర్టులో ఎక్కవలెను.

ప్రతి ఊరి శాఖలోను స్థానిక లిపి చక్కగా చదివి తెలుగులో చెప్పగలిగిన యువకునిగాని యువతినిగాని ఈ పనికి నియమించవలెనని శాఖల పెద్దలకు మనవి చేస్తున్నాము. వారమునకు ఒక సాయంత్రము సంఘ భవనములో కూర్చుని, ఎవరైనా తెచ్చిన కాగితము చదివి తేదీ చెప్పితే చాలును. ఆ సాయంత్రమున చెప్పిన తేదీయే ఒక కుటుంబపు మగ్గమును దాని గుంటలో నిలుపగలదు.